మునుపటి ముఖం

సొంత ఆస్తిని సొంతదారే చూసుకోలేని సందర్భాలు లోకంలో అరుదు. పొలం ఉన్నాయన గట్టు మీద నిలబడి చూసుకుంటాడు. నగలున్నావిడ తలుపు గడియ వేసుకుని, పెట్టె తెరిచి చూసుకుంటుంది. బారెడు జడ ఉన్న ఆడపిల్లకి మాత్రం ఆ భాగ్యం లేదు. ఆ జడని ఇంటిల్లిపాదీ చూస్తారు. వీధిలో పోయేవాళ్లు చూస్తారు. బడిలో వెనక బెంచీ వాళ్లు చూడటమే కాదు, లాగి కూడా చూస్తారు. చూడలేనిది ఆ పిల్ల ఒక్కతే. భుజం మీంచి ముందుకు వేసుకుంటే కొస కనిపిస్తుంది, వెనక్కి వేసుకుంటే అదీ లేదు.

అందుకే కాబోలు, మన తెలుగువాళ్లు పూలజడకీ ఫొటో స్టూడియోకీ ముడి వేశారు. ఏ ఇంట్లోనైనా పాత ఆల్బం తిరగేయండి. ఒక పేజీలో పట్టు పరికిణీ కట్టుకున్న పిల్ల నిలబడి ఉంటుంది. ముఖం మనవైపు, వీపు నిలువుటద్దం వైపు. అద్దంలో పూలజడ. ముందూ వెనకా ఒకే కాగితం మీద. ఇది మన వాళ్లు ఎంతో మక్కువగా తీయించుకున్న ఫొటో. ఇందులో ఉన్న తెలివిని మాత్రం ఎవరూ పెద్దగా మెచ్చుకున్నట్టు లేదు.

ఆ ఫొటో ఊరికే వచ్చేది కాదు. మల్లెల కాలం కావాలి. పొద్దున్నే కుంకుడుకాయ పులుసుతో తలంటి, సాంబ్రాణి పొగ పట్టి, చిక్కు తీసి, మూడు పాయలు చేసి, చాలకపోతే సవరం కలిపి అల్లాలి. నెత్తిన రాగిడి, కొసన జడకుప్పెలు. ఆ మీదట అసలు పని మొదలు. మొగ్గలు విచ్చుకోకముందే సూదీ దారంతో వరసలు వరసలుగా జడకి కుట్టాలి. మధ్యమధ్య కనకాంబరాలు, మరువం. ఓపికా, స్తోమతా ఉన్నవాళ్లయితే మొగలిరేకులు కూడా. "కదలకే బిడ్డా, సూది గుచ్చుకుంటది" అని తల్లీ, "ఇంకెంత సేపే అమ్మా" అని పిల్లా. ఇద్దరి మెడలూ పట్టేసేవి. పూలు వాడకముందే రిక్షా ఎక్కి స్టూడియో చేరాలి. తీరా చేరాక నలుపు తెలుపు ఫొటోలో కనకాంబరాలు బూడిద రంగులో పడేవి. మల్లెలు మాత్రం ముత్యాల్లా మెరిసేవి.

స్టూడియో ఆయనకీ తిప్పలు తక్కువేం కాదు. అద్దంలో బొమ్మ అద్దం మీద ఉండదు. వస్తువు అద్దానికి ఇవతల ఎంత దూరంలో ఉందో, బొమ్మ అవతల అంత దూరంలో ఉన్నట్టు లెక్క. కాబట్టి ముఖానికి ఫోకస్ పెడితే జడ మసకబారుతుంది, జడకి పెడితే ముఖం మసకబారుతుంది. రెండూ స్పష్టంగా రావాలంటే కటకం లోపలి కన్ను సన్నం చేయాలి. సన్నం చేస్తే వెలుతురు చాలదు, కాబట్టి ఎక్కువ సేపు తెరిచి ఉంచాలి. అంతసేపూ పిల్ల ఊపిరి బిగబట్టాలి. పైగా అద్దంలో కెమెరా, దాని వెనక ఆయన బట్టతల పడకూడదు. ఇన్ని గండాలు దాటితే ఆ పిల్ల తన జడని తాను తీరిగ్గా, మొదటిసారి చూసుకునేది. అదీ నాలుగు రోజుల తరవాత, ఫొటో చేతికొచ్చాక. అప్పటికి పూలన్నీ చెత్తకుండీలో ఉండేవి.

మా కొత్తగూడెం లాంటి ఊళ్లో ఈ సరదాకి ఇంకో రంగుంది. ఇది బొగ్గు ఊరు. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లందు పక్కన నల్లబంగారం కనిపెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రాంతం రాత మారింది. సింగరేణి కంపెనీ ఇప్పటికీ కొత్తగూడెంలోనే కొలువై ఉంది. ఇక్కడ పిల్ల పూలజడతో స్టూడియోకి బయలుదేరే వేళకి, తండ్రి ఫస్టు షిఫ్టు దిగి ఇంటికి వచ్చేవాడు. స్నానం చేసినా కనురెప్పల అంచుల్లో బొగ్గు అలాగే నిలిచి, కాటుక పెట్టుకున్నట్టు ఉండేవాడు. ఆయనకి రోజూ రెండు ముఖాలు. గనిలోంచి పైకి వచ్చినప్పుడు ఒకటి, బావి దగ్గర నాలుగు చెంబులు పోసుకున్నాక ఒకటి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీయాలని ఎవరికీ తోచలేదు. కూతురికి మాత్రం రెండూ నాన్న ముఖాలే.

ఆడవాళ్లు ఫొటో దిగడమన్నదే ఒకప్పుడు పెద్ద సమస్య. నిజాం గారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్నో ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. అప్పటి ప్రశ్న, ఈ ముఖాన్ని ఎవరు చూడవచ్చు అన్నది. అక్కడి నుంచి మన పూలజడ పిల్లల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడా ప్రశ్న పోయింది. ఎవరైనా చూడవచ్చు, ఎంతమందైనా చూడవచ్చు. దాని స్థానంలో ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. ఏ ముఖాన్ని చూపించాలి?

ఇప్పటి పద్ధతి మీకు తెలియంది కాదు. హాఫ్‌శారీ ఫంక్షనైనా, పెళ్లైనా, ఉత్త సరదాకైనా, ఒక్క ఫొటోతో సరిపెట్టరు. అంచెలంచెలుగా తీస్తారు. మొదట తల విరబోసుకుని ఉన్న పిల్ల, తరవాత దువ్విన జుట్టు, తరవాత అల్లిక, తరవాత పూలు, నగలు, చివరికి కిన్నెరసాని గట్టునో తోటలోనో నిలబడ్డ రాణీగారు. వరసగా పేర్చి చూపిస్తే గొంగళిపురుగు సీతాకోకచిలుక అయినట్టు ఉంటుంది. చూడముచ్చటే, నేను కాదనను. పూర్వం ఒక్క ఫొటో దక్కినచోట పది దక్కుతుంటే ఏడవడం దేనికి?

కానీ మొన్నీమధ్య దగ్గరి బంధువుల ఇంట్లో ఒక మాట విన్నాను. పధ్నాలుగేళ్ల పిల్ల. నడుం దాటిన జుట్టు. పొద్దున్నే లేచిన ముఖంతో స్టూలు మీద కూర్చోబెట్టారు. కెమెరా ఎత్తగానే అలవాటు కొద్దీ నవ్వింది. ఫొటో తీసే కుర్రాడు కెమెరా దించి, మర్యాదగానే అన్నాడు: "ఇప్పుడు నవ్వొద్దమ్మా. కొంచెం డల్‌గా ఉండు. లాస్ట్‌లో నవ్వుదువు గానీ."

"ఎందుకన్నా?" అంది పిల్ల.

"అప్పుడే కదమ్మా తేడా తెలిసేది."

పిల్ల నవ్వు ఆపేసుకుంది. నూనె రాసిన జుట్టుని రెండు చేతులతో కాస్త చెరుపుకుని, తల వంచి కూర్చుంది. ఫొటో చక్కగా వచ్చింది.

కుర్రాడి తప్పేం లేదు. అతని పని అతను చేశాడు. తేడా చూపించమన్నారు, చూపించాడు. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకో ఆలోచిస్తే మామూలుగా మనం అడిగే ప్రశ్నే తలకిందులుగా ఉందనిపించింది.

మామూలుగా ఏమడుగుతాం? ముస్తాబు చేసిన ముఖం నిజమా అబద్ధమా అని. పెద్దలు, నీతి చెప్పేవాళ్లు ఎప్పుడూ చివరి ఫొటో మీదే అనుమానం పడతారు. "అదంతా పూతే, సవరమే, అరువు సొగసే" అంటారు. నాకు ఆ కోపం అర్థం కాదు. సవరం మాటే తీసుకోండి. వెనకటి ఇళ్లలో అమ్మ దువ్వెనకి వచ్చిన జుట్టుని ఉండచుట్టి గోడ సందులో దాచేది. అది పోగయ్యాక సవరం కట్టించేది. తల్లి తలలో రాలింది కూతురి జడలో చేరేది. దాన్ని దొంగజుట్టు అనడానికి నోరెలా వస్తుంది? అది వారసత్వం. ఆస్తి పంపకాల్లో మాత్రం దాని ఊసుండదు.

అంతెందుకు, మన కూచిపూడి వారి భామాకలాపం చూడండి. సత్యభామ ముఖం కంటే ముందు జడ రంగప్రవేశం చేస్తుంది. ప్రేక్షకుల వైపు వీపు పెట్టి, తెర మీదుగా ఇవతలికి జడ వేసి, నన్ను మించిన వాళ్లుంటే రండని సవాలు విసురుతుంది. ఆ జడ కట్టుకుని తరాల పాటు మెప్పించిన వాళ్లలో మేటి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు, కట్టుడు జడ, పూసిన రంగు. అయినా చూసినవాళ్లెవరూ మోసపోయామని ఇంటికి వెళ్లలేదు. ఎదుటివాడికి తెలియకుండా చేస్తే మోసం. తెలిసేలా చేస్తే అది అలంకారం. ముస్తాబు ముస్తాబులా కనిపించినంత కాలం అందులో అబద్ధం లేదు.

ఖర్చు మాట వేరు. అలంకారం ఎవరి డబ్బుతో అన్న తగువు మా ప్రాంతంలో పాతదే. మా పక్క పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు. స్వామికి కలికితురాయి, అమ్మవారికి చింతాకు పతకం చేయించాడు. తానీషా గారు లెక్కలడిగి గోల్కొండ చెరలో పెట్టాడు. ఇప్పుడు ఫొటోల కోసం అప్పు చేసే తండ్రులని అడగడానికి తానీషా లేడు, వడ్డీ వ్యాపారి ఉన్నాడు. అది ఇంకో వ్యాసం.

నా అనుమానం చివరి ఫొటో మీద కాదు, మొదటి ఫొటో మీద. అబద్ధం ఉంటే అక్కడ ఉంది. చివరి ఫొటోలో పిల్లకి ఉన్నదానికి నాలుగు పూలు కలిపారు, అంతే. మొదటి ఫొటోలో ఉన్నదాన్ని తీసేశారు, నవ్వుని. పొద్దున్నే లేచి, జడ వేయించుకోబోతున్నానన్న సంబరంతో కూర్చున్న పిల్ల ముఖం అసలు ముఖం. దాన్ని పక్కకి నెట్టి దీనంగా ఒక ముఖం తయారు చేసి, దానికి 'మునుపు' అని పేరు పెట్టారు. అంటే ఆ రోజు ముస్తాబు రెండుసార్లు జరిగింది. మొదటిసారి తక్కువ చేయడానికి, రెండోసారి ఎక్కువ చేయడానికి.

ఒక్క ఫొటోకి ఇంత రాద్ధాంతమా అంటారా? ఫొటో ఒక్కటే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ పధ్నాలుగేళ్ల పిల్ల ఆ పూట ఒక పాఠం నేర్చుకుంది. ఇంట్లో రోజూ ఉండే తన ముఖం నవ్వదగ్గది కాదనీ, నవ్వడానికి ముందు దానికి ఏదో జరగాలనీ. ఈ పాఠం ఒకసారి ఒంటబట్టిందా, ఇక జీవితమంతా మొదటి ఫొటోలోనే కూర్చుని ఉంటాం. పెళ్లయ్యాక నవ్వుదాం, ఉద్యోగం వచ్చాక నవ్వుదాం, ఇల్లు కట్టాక నవ్వుదాం. అరవై ఏళ్లొచ్చి, జుట్టు పిలకంత అయ్యాక, చివరి ఫొటో ఏదని వెతుక్కుంటాం.

నిజానికి జుట్టుకే ఈ 'మునుపు', 'తరవాత' లెక్క పడదు. తల వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. ఏడాదికి అరడుగు అనుకోండి. మూడడుగుల జడ అంటే దాదాపు ఆరేళ్ల పని. పధ్నాలుగేళ్ల పిల్ల జడకొస, ఆ పిల్ల ఎనిమిదేళ్లప్పటిది. మూడో తరగతిలో ఎక్కాలు అప్పజెబుతున్నప్పుడు ఆ కొస నెత్తి మీద ఉంది. జ్వరం వచ్చి పడుకున్న నెలా, పరీక్ష ఫస్టున పాసైన నెలా అన్నీ ఆ జడలో జానా బెత్తెడుగా వరసగా ఉన్నాయి. అంచెలంచెల ఫొటో అంటే అది. ఏ నెలనీ కత్తిరించకుండా, ఏ నెల మీదా చిన్నచూపు లేకుండా పెరిగింది. అందులోంచి ఏ జానెడు తీసి ఇది వికారపుదనగలం?

మా ఊరి కింద ఉన్నదీ అలాంటిదే. పాతిక కోట్ల ఏళ్లకి పైగా మట్టి కింద అణిగి అడవి బొగ్గయింది. అడవి అందవికారమనీ, బొగ్గు అందమనీ ఎవరూ అనలేదు, ఆ మాటకొస్తే తిరగేసి కూడా అనలేదు. రెండూ తమ తమ చోట విలువైనవే. కొత్తగూడెం వాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మేం రోజూ అడవిలోంచి నడిచి బొగ్గు దగ్గరికి వెళ్లేవాళ్లం.

అసలు మన సంప్రదాయంలో 'మునుపు' తక్కువదనీ, 'తరవాత' ఎక్కువదనీ రూలేం లేదు. సింహాచలం అప్పన్నని చూడండి. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉంటాడు. ముస్తాబు లేని నిజరూపం కనిపించేది అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. ఆ ఒక్కరోజు కోసం జనం తెల్లవారకముందే బారులు తీరతారు. మన ఫొటోల లెక్కలో అది 'మునుపు' ఫొటో. భక్తుల లెక్కలో అదే పండగ.

ఇక భద్రాచలం మాకు నలభై కిలోమీటర్లు. మా కొత్తగూడెం రైల్వే స్టేషనుకి పేరే భద్రాచలం రోడ్. తొలిసారి దిగినవాళ్లు గోదావరి ఏదీ అని అడుగుతారు. ఆ దారిన వెళ్లే బస్సుల్లో మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లు ఉంటారు. ఆడవాళ్లు కూడా. వెళ్లేటప్పుడు వీపు నిండా జడ, తిరిగొచ్చేటప్పుడు నున్నటి గుండు మీద గంధం. మనం పేర్చే ఫొటోల వరస అక్కడ పూర్తిగా తిరగబడుతుంది. జడ 'మునుపు', గుండు 'తరవాత'. ఆ 'తరవాత' ముఖంలో ఉన్న తేలికదనం, మొక్కు తీరిన నిశ్చింత, ఏ పార్లరూ తేలేదు. పిల్లకి జబ్బు నయమైందనో, ఇంటాయన గని ప్రమాదంలోంచి బయటపడ్డాడనో ఇచ్చిన జుట్టు అది. ఆరేళ్ల జడని అరనిమిషంలో ఇచ్చేసి నవ్వుతున్న ఆ ముఖాన్ని చూశాక, అందం జుట్టుతో వస్తుందా, పోతుందా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నవ్వుకి మాత్రం జుట్టుతో పని లేదని తేలింది.

ఇంకో సంగతి. భూగర్భ గనుల్లోకి ఆడవాళ్లు దిగకూడదని 1952 నాటి గనుల చట్టంలో ఆంక్ష ఉండేది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ పనులకి పగటి పూట, వాళ్ల అంగీకారంతో, దిగవచ్చంది. ఇక ఈ గడ్డ మీద పూలజడ ఫొటో దిగిన పిల్లే రేపు జడని బిగించి ముడి వేసి, పైన హెల్మెట్ పెట్టుకుని, దీపం వెలిగించుకుని గనిలోకి దిగవచ్చు. ఆ పిల్ల రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది మునుపు, ఏది తరవాత? పొద్దున హెల్మెట్, సాయంత్రం మల్లెలు. వెనకటి గని కార్మికుడి కూతురికి నాన్న ముఖాలు రెండూ ఒకటే అయినట్టు, ఈ పిల్ల ముఖాలు రెండూ ఆమెవే. తేడా చూపించమని అడిగే హక్కు మనకి లేదు.

అలాగని ఫొటోలు మానేయమని నేననను. పిల్లలు ఊరుకోరు, తల్లులు అసలే ఊరుకోరు. బ్యూటీపార్లర్ అమ్మాయిలకీ, ఫొటో కుర్రాళ్లకీ అది కూడూ గుడ్డా. అంచెలంచెలుగానే తీయండి. పాత ఫొటోకి లేని సుగుణం ఒకటి ఇందులో ఉంది. అద్దం ఫొటోలో పూర్తయిన జడే పడేది. ఆ జడ అల్లిన చేతులు ఫ్రేముకి బయటే ఉండిపోయేవి. ఫొటో చూసినవాళ్లంతా "పిల్ల ఎంత బాగుందో" అనేవాళ్లు గానీ, రెండు గంటలు నిలబడి కుట్టినావిడ ఎవరని అడిగినవాళ్లు లేరు. ఇప్పటి వరస ఫొటోల్లో మొదటిదీ చివరిదీ వదిలేసి నడిమివి చూడండి. మూడు పాయల మధ్య అమ్మ వేళ్లుంటాయి. పళ్ల మధ్య దారం పట్టుకున్న మేనత్త ఉంటుంది. పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని "ఇటు తిరగవే పిల్లా" అంటున్న అమ్మమ్మ ఉంటుంది. మనిషి వెనక భాగాన్ని ఎప్పుడూ వేరేవాళ్లే చక్కదిద్దుతారన్న నిజం ఆ ఫొటోల్లో ఉంది. ఆల్బంలో పెద్ద సైజులో వేయించాల్సినవి అవి.

కుర్రాడికి ముందే ఒక మాట చెప్పి పెట్టండి చాలు. పిల్ల ఎప్పుడు నవ్వితే అప్పుడు తీయమనండి. నూనె జిడ్డుతో నవ్వినా, చిక్కు తీస్తుంటే "అబ్బా" అని మూతి ముడిచినా, పూలు తగిలించాక విసుగొచ్చి ఆవులించినా సరే. తేడా తెలియకపోతే ఏం, పిల్ల తెలుస్తుంది.